అన్నం మానకుండా, మళ్లీ పెరగకుండా బరువు తగ్గడం అయ్యే పనేనా?

కృష్ణలంక_టైలరమ్మ

అందరికీ నమస్కారమండీ. మాది విజయవాడ. నాకు 36 ఏళ్లు, ఎత్తు 157 సెంటీమీటర్లు, ఇప్పుడు బరువు 74 కేజీలు. ఇంట్లోనే బ్లౌజులు, పిల్లల లంగా ఓణీలు కుడతాను. అంటే పొద్దున పది నుంచి రాత్రి దాకా కూర్చునే పని, ముహూర్తాల రోజుల్లో అయితే అర్ధరాత్రి కూడా దాటిపోతుంది. మొన్న చేయించిన పరీక్షల్లో మూడు నెలల షుగర్ 5.9 వచ్చింది. ఇంకా షుగర్ రాలేదు గానీ దగ్గర్లోనే ఉన్నావు, బరువు తగ్గు అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. మెట్లెక్కుతుంటే మోకాళ్లు కూడా పట్టేస్తున్నాయి.

నాకు తగ్గడం చేతకాక కాదు. కొన్నేళ్ల క్రితం ఊరంతా చేసిన ఆ కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ నేనూ చేశాను, అన్నం ముట్టకుండా పదకొండు కేజీలు తగ్గాను, బ్లౌజులన్నీ విప్పి మళ్లీ బిగించుకున్నాను కూడా. తర్వాత మా మరిది పెళ్లిలో అన్నం మొదలైంది, ఏడాది తిరిగేసరికి ఆ పదకొండూ వచ్చేశాయి, పైన ఇంకో మూడు వచ్చాయి. అలాంటిది మళ్లీ చేసే ఓపిక లేదు, చేయాలనీ లేదు.

నా రోజు ఇలా ఉంటుంది. పొద్దున టీ, తర్వాత నాలుగు ఇడ్లీ గానీ మూడు దోసెలు గానీ పల్లీ చట్నీతో, పదకొండింటికి టీ, నాలుగు బిస్కెట్లు, మధ్యాహ్నం పప్పు, వేపుడు, చారు, పెరుగు అన్నీ అన్నంతోనే. పిల్లలు బాక్సుల్లో వదిలేసింది పారేయబుద్ధి కాక అదీ నేనే తింటాను. సాయంత్రం టీతో మిక్చరో జంతికలో, మిషన్ పక్కనే డబ్బా ఉంటుంది. రాత్రి మళ్లీ అన్నం, ఎందుకంటే చపాతీ తింటే మా అత్తయ్య దృష్టిలో నేను ఉపవాసం ఉన్నట్టే. ఆవిడ మంచిదే, కానీ వడ్డించడంలో చెయ్యి చాలా పెద్దది.

డాక్టరమ్మ 'మైండ్‌ఫుల్‌గా తినండి, రోజూ వ్యాయామం చేయండి' అని రెండు ముక్కలు చెప్పి తర్వాతి పేషెంట్‌ని పిలిచేసింది. మైండ్‌ఫుల్‌గా తినడం అంటే ఏంటి, కళ్లు మూసుకుని తినాలా? అన్నం మానాలా, కొర్రలకి మారాలా? ఈ మోకాళ్లతో జిమ్‌కి వెళ్లొచ్చా? చేసి చూసినవాళ్లు చెప్పండి, వీడియోల లింకులు మాత్రం వద్దు, అవి చూసీ చూసీ తల తిరుగుతోంది.

బీచ్‌రోడ్_మాస్టారు

అమ్మా, మాది విశాఖ. రిటైరైన లెక్కల మాస్టారిని కాబట్టి లెక్కే చెబుతాను.

మన భోజనంలో ఒక చిక్కు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మనం అన్నం ఇంత అని పెట్టుకుని తినం. పప్పుకి కొంచెం, వేపుడుకి కొంచెం, చారుకి కొంచెం, చివర పెరుగు లేకపోతే భోజనం అయినట్టే ఉండదు కాబట్టి దానికి ఇంకొంచెం. అంటే ఎంత అన్నం తినాలో ఆకలి కాదు, ఆ పూట వండిన ఐటమ్స్ నిర్ణయిస్తున్నాయన్నమాట. ఆవకాయ కొత్తగా పెట్టిన రోజుల్లో దానికి మరో ముద్ద. ఇలా నాలుగైదు వాయిల్లో అర కేజీ అన్నం తేలిగ్గా లోపలికి పోతుంది. వండిన అన్నం వంద గ్రాములకి 130 క్యాలరీలు వేసుకున్నా 650 అయ్యాయి, కూరలూ నూనే ఇంకా లెక్కలోకి రాలేదు.

నేను చేసిందల్లా ఒకటే. మొత్తం భోజనానికి కావాల్సిన అన్నం మొదట్లోనే కంచంలో ఒక పక్కన పెట్టేసుకోవడం, దాన్నే పప్పుకీ, చారుకీ, పెరుగుకీ పంచుకోవడం. గిన్నె మళ్లీ తెరవను. కూర మాత్రం ఎంతైనా వేసుకుంటాను. మొదట్లో చారు దగ్గరికి వచ్చేసరికే అన్నం అయిపోయేది, అప్పుడు పెరుగు ఉత్తదే తిన్నాను, ఆకాశం ఏమీ విరిగి పడలేదు. కొన్నాళ్లకి పంపకం చేతికి అలవాటైంది.

ఇంకో లెక్క. నెలకి మీ ఇంట్లో నూనె ఎన్ని లీటర్లు? అయిదుగురున్న ఇంట్లో ఏడు లీటర్లు ఖర్చవుతోందనుకోండి, మనిషికి రోజుకి 43 గ్రాములు పడుతుంది. కూర్చుని పనిచేసే మగవాళ్లకి 25, ఆడవాళ్లకి 20 గ్రాములు చాలని మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చెప్పిన లెక్క. తేడా చూశారుగా. గ్రాము నూనెకి 9 క్యాలరీలు. అందుకే మా ఇంట్లో నెల మొదట్లోనే నూనె కొలిచి విడిగా డబ్బాలో పోసేస్తాం, నెలాఖరుకి అయిపోతే వేపుళ్లు బంద్. మా ఆవిడకి ఈ పద్ధతి మొదట్లో అస్సలు నచ్చలేదనుకోండి.

తార్నాక_పాలకూర

ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేస్తున్నాను. మాస్టారు గారు చెప్పిన రెండూ బంగారం లాంటివి, నేను ఆ మైండ్‌ఫుల్ సంగతి చెబుతాను.

కళ్లు మూసుకోనక్కర్లేదండీ. చేయి నోటి దగ్గరికి వెళ్లేటప్పుడు 'ఇప్పుడు నాకు ఆకలి వేసి తింటున్నానా, ఎదురుగా ఉందని తింటున్నానా' అని ఒక్కసారి చూసుకోవడం, తినేటప్పుడు తినే పనే చేయడం, కడుపు బరువెక్కే దాకా కాకుండా ఆకలి తీరగానే ఆపడం, ఇంతే. వినడానికి చాలా తేలిక. మీరు రాసిన రోజునే మళ్లీ చదువుకోండి. మధ్యాహ్నం భోజనం ఆకలితో తిన్నదే, టిఫినూ అంతే. మిగతావి? పదకొండు గంటల బిస్కెట్లు టీ పక్కన ఉన్నాయని తిన్నవి. పిల్లల బాక్సుల్లోది పారేయలేక తిన్నది. మిక్చర్ మిషన్ పక్కన ఉంది కాబట్టి తిన్నది. వంట చేస్తూ ఉప్పు చూడటానికి వేసుకున్నవి మీరు రాయలేదు, కానీ అవి కూడా ఉంటాయని నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఉంటాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ వయసు, ఎత్తు, బరువుకి కూర్చునే పని చేసేవాళ్లకి రోజుకి 1,800 క్యాలరీల చుట్టూ ఖర్చవుతాయి. అందులో మూడు నాలుగు వందలు తగ్గిస్తే నెలకి కేజీ, కేజీన్నర నిదానంగా తగ్గుతారు. టీలు మూడు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్ల పంచదార అనుకుంటే రోజుకి 30 గ్రాములు, 120 క్యాలరీలు. బిస్కెట్లు నాలుగు కలిపి వంద దాకా. గుప్పెడు మిక్చర్ 150 పైనే. అంటే మీ అన్నం జోలికి అసలు వెళ్లకుండానే తగ్గించాల్సిన మూడు నాలుగు వందలూ దొరికేశాయి! అందుకే అన్నం మానాలా అని అడిగేవాళ్లని నేను ముందు టీ ఎన్నిసార్లు తాగుతారని అడుగుతాను.

కొర్రలు, జొన్నలు, సామలు మంచివే, పీచు ఎక్కువ, కాబట్టి కడుపు తొందరగా నిండినట్టు ఉంటుంది, షుగర్ కూడా నిదానంగా పెరుగుతుంది. కానీ క్యాలరీల్లో బియ్యానికీ వాటికీ పెద్ద తేడా లేదు, పచ్చి గింజ వంద గ్రాములకి రెండూ 330–360 మధ్యే తిరుగుతాయి. కొర్రన్నం కదా అని మూడు గరిటెలు ఎక్కువ తినేవాళ్లని చాలామందిని చూశాను. రాత్రి పూట ఒక జొన్నరొట్టె, గిన్నెడు పప్పుకూర నచ్చితే తినండి, నచ్చకపోతే అన్నమే తినండి, కొలత మాత్రం మారకూడదు.

ఎక్కడ పెంచాలో కూడా చెబుతాను. మీ లిస్టులో కూరగాయ దాదాపు లేదు, వేపుడు ఒక్కటే ఉంది. కంచంలో సగం కూర, ఆకుకూర ఉండాలి. ప్రోటీన్ కూడా తక్కువే. పలచటి పప్పు గరిటెడు వేసుకుంటే వచ్చేది నాలుగైదు గ్రాములు, గుడ్డుకి ఆరు. బరువు తగ్గేటప్పుడు ప్రోటీన్ సరిపోకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, అలా కరిగినవాళ్లకి బరువు తిరిగి రావడం ఇంకా సులువు. పప్పు చిక్కగా చేసుకోండి, పొద్దున ఇడ్లీ రెండుకి దించి పక్కన ఉడికించిన గుడ్డు పెట్టుకోండి, గుడ్డు తినని రోజు మొలకెత్తిన పెసలు.

నెమ్మదిగా తినమనేది ఊరికే చెప్పే మాట కాదు. పొట్ట, పేగుల నుంచి 'చాలు' అనే సంకేతాలు మెదడుకి చేరడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. అమెరికాలో 2019లో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ప్యాకెట్ ఆహారం, రెండు వారాలు మామూలు వంట పెట్టి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్యాకెట్ ఆహారం ఉన్న వారాల్లో రోజుకి దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, అదీ గబగబా తిన్నారు. నమలాల్సిన పని లేని తిండి ఎంత తిన్నామో తెలియకుండానే లోపలికి వెళ్లిపోతుంది.

నిమ్మకాయ_నీళ్లు

అందరూ చుట్టూ తిప్పి చెబుతున్నారు. అన్నం మానకపోతే తగ్గరు, అంతే. నేను ఆ డైట్‌తో మొదటి వారంలోనే నాలుగు కేజీలు దిగాను, షుగర్ కూడా కంట్రోల్‌లోకి వచ్చింది. టైలరమ్మ గారికి తిరిగి పెరిగింది ఎందుకంటే ఆవిడ మధ్యలో ఆపేశారు కాబట్టి. డైట్ తప్పు కాదు.

తార్నాక_పాలకూర

మీకు పనిచేస్తే సంతోషమే, అన్నం తక్కువ తిని హాయిగా ఉండగలిగేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఆ మొదటి వారం నాలుగు కేజీల్లో ఎక్కువ భాగం నీళ్లు. లివర్‌లోనూ కండరాల్లోనూ దాచుకున్న పిండి పదార్థం గ్రాముకి మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది, అన్నం మానగానే రెండూ కలిసి పోతాయి, మళ్లీ తినగానే రెండూ వస్తాయి. పెళ్లి భోజనం తర్వాత 'ఒక్క రోజులో రెండు కేజీలు పెరిగా' అని ఏడ్చేది అందుకే.

ఏది మేలు అనే తగువు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు కూడా తేల్చబోయారు, 2018లో ఫలితాలు వచ్చాయి. 609 మందిలో సగం మందికి కొవ్వు తక్కువ తిండి, సగం మందికి పిండి పదార్థం తక్కువ తిండి, ఏడాది పాటు. ఒక వర్గం సగటున 5.3 కేజీలు, ఇంకో వర్గం 6 కేజీలు తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా కాదు. ఒక్కో వర్గం లోపల మాత్రం బాగా తగ్గినవాళ్లూ ఉన్నారు, పెరిగినవాళ్లూ ఉన్నారు.

'మధ్యలో ఆపేశారు' అన్నారు కదా, అసలు ప్రశ్న అదే. పిల్లలకి బాక్సులు కట్టి, అత్తగారితో కలిసి తినే మనిషి జీవితాంతం అన్నం ముట్టకుండా ఉండగలదా? ఉండలేని పద్ధతిని ఆవిడ ఆపేసిందని ఆవిడనే అనడం నాకు నచ్చదు. ఇంకో మాట, షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి, ఇది ఎవరు చదువుతున్నా గుర్తుంచుకోండి.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి

ఇన్ని లెక్కలు ఎందుకు, ఇప్పుడు వారానికో ఇంజెక్షన్ వచ్చింది కదా, మా టీమ్‌లో ఇద్దరు వాడుతున్నారు. బాగానే తగ్గారు.

తార్నాక_పాలకూర

2025 నుంచి మన దగ్గర కూడా దొరుకుతున్నాయి, అవసరమైనవాళ్లకి మంచి మందులే. అవసరం ఎవరికో డాక్టర్ చెప్పాలి, టీమ్‌మేట్ కాదు. ఆ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లుటైడ్ అనే మందు ఆపేశాక ఏడాదిలో, తగ్గిన దాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని దాని మీదే చేసిన పెద్ద పరిశోధనలో తేలింది. అంటే ఇంజెక్షన్ వేసుకున్నా ఈ టీ, మిక్చర్, నడక గొడవ తప్పదు.

కరీంనగర్_పీఈటీ

స్కూల్లో వ్యాయామ టీచర్‌ని. తిండి సంగతి మేడం బాగా చెప్పారు, కసరత్తు నాకు వదిలేయండి.

ముందు ఒక భ్రమ పోవాలి. అరగంట గట్టిగా నడిస్తే మీ బరువుకి ఖర్చయ్యేది 130, 140 క్యాలరీలు, అంటే మూడు టీ స్పూన్ల నూనె. మీ విజయవాడ పునుగుల ప్లేటు ముందు అది ఎంత? కాబట్టి నడుస్తున్నాను కదా అని తినే పని పెట్టుకోవద్దు. మరి వ్యాయామం ఎందుకు అంటారా, తగ్గించేది ఎక్కువగా తిండి, తగ్గింది మళ్లీ రాకుండా ఆపేది ఎక్కువగా వ్యాయామం. అమెరికాలో ఒక టీవీ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, చాలామందికి పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగి వచ్చేసింది, ఒళ్లు మాత్రం ఉండాల్సిన దానికంటే రోజుకి 500 క్యాలరీలు తక్కువే ఖర్చు చేస్తోంది. అది 2016లో వచ్చిన పరిశోధన. అలా భారీగా తగ్గితే ఒళ్లు పిసినారి అయిపోతుంది. అదే బృందం తర్వాత చూస్తే, బరువు నిలబెట్టుకున్నవాళ్లు రోజువారీ కదలికలో మిగతావాళ్ల కంటే చాలా ముందున్నారు.

మోకాళ్ల గురించి భయపడకండి. మీరు ఒక కేజీ తగ్గితే నడిచేటప్పుడు వేసే ఒక్కో అడుగుకి మోకాలి మీద నాలుగు కేజీల భారం తగ్గుతుంది. ఇప్పుడే పరుగులు, దూకుళ్లు, మెట్లు ఎక్కి దిగడాలు పెట్టుకోవద్దు. జిమ్ అవసరం లేదు. మీ దగ్గర కుట్టుమిషన్ కుర్చీ ఉంది కదా, చక్రాలు లేనిదైతే దాన్ని గోడకి ఆనించి, చేతులు పట్టుకోకుండా లేవడం, నెమ్మదిగా కూర్చోవడం, పది సార్లు. నొప్పి అనిపిస్తే మీద దిండు వేసి ఎత్తు పెంచండి. తర్వాత గోడకి చేతులు ఆనించి నెట్టే దండీలు పది. లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల పైకి ఎత్తడం పది. ఇది వారంలో రెండు మూడు రోజులు చాలు, కండ నిలబడుతుంది. తొడ కండ గట్టిపడితే మోకాలి నొప్పి కూడా చాలావరకు దారికొస్తుంది, అప్పటికీ వాపు ఉంటే మాత్రం ఎముకల డాక్టర్‌కి చూపించండి.

నడక వారానికి 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస లెక్క. ఒకేసారి అరగంట కుదరకపోతే మూడు పూటలా తిన్న తర్వాత పది నిమిషాలు. మీకు షుగర్ దగ్గర్లో ఉంది కాబట్టి భోజనం తర్వాత నడకే ఎక్కువ లాభం, తిన్నాక పెరిగే షుగర్‌ని కాళ్ల కండరాలే లాగేసుకుంటాయి. ఎంత వేగం అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఇక పనిలో ఉన్నప్పుడు, ఒక బ్లౌజు కటింగ్ అవగానే లేవాలి, హుక్కులు కుట్టే ముందు లేవాలి, ఇస్త్రీ నిలబడే చేయాలి. ఇంటికొచ్చిన కస్టమర్‌తో నిలబడి మాట్లాడండి, వాళ్లు కూడా తొందరగా వెళ్తారు.

కోనసీమ_కోడలు

అందరూ సైన్స్ చెప్పారు, అత్తయ్య గారి సంగతి ఎవరూ ముట్టుకోలేదు! అక్కా, నాది కూడా ఇలాంటి ఇల్లే, మాది అమలాపురం దగ్గర, మా అత్తయ్యకి 'వద్దు' అనే మాట వినిపించదు. అందుకని ఆ మాట అనడం మానేశాను. 'మళ్లీ పెట్టుకుంటానండీ' అంటాను, కంచంలో కూర నిండుగా ఉంచుతాను, కంచం ఖాళీగా కనిపిస్తేనే కదా ఆవిడ గరిటె లేచేది. ఆవిడకి వడ్డించడం నేనే మొదలుపెట్టాను, ఆవిడ ముందు కూర్చుంటుంది, నేను తర్వాత. దీంతో సగం గొడవ పోయింది.

రెండోది, మీ ఒక్కరికీ వేరే వంట అనొద్దు. జబ్బు మనిషిలా చూస్తారు, రెండు రోజులకి మీకే విసుగొస్తుంది. అందరికీ ఒకటే వంట, మీ కంచంలో పాళ్లు వేరు, అంతే. బియ్యం కడిగేటప్పుడే ఒక పూటకి అరగ్లాసు తగ్గించేయండి, గిన్నెలో లేని అన్నం ఎవరూ కొసరి వడ్డించలేరు. ఎవరైనా అడిగితే ఈ రోజు కూర ఎక్కువ వండాను అని చెప్పండి, నిజంగానే ఎక్కువ వండండి.

పిల్లల బాక్సుల్లో మిగిలింది తినడం నాక్కూడా చాలా కష్టమైంది. అన్నం పారేయడం అంటే మనసొప్పదు. మా ఇంట్లో బాక్సులో పెట్టేదే తగ్గించాను, చాలకపోతే ఇంటికొచ్చాక తింటారు, వాళ్లకేం లోటు లేదు. అయినా మిగిలితే వీధిలో కుక్క ఉంది, అది నాకంటే బాగా తింటుంది.

పండగల గురించి కూడా చెప్పేస్తాను. సంక్రాంతికి అరిసె తినండి, ఇష్టంగా కూర్చుని తినండి, నిలబడి డబ్బాలోంచి విరుచుకుని విరుచుకుని తినకండి, అలా తింటే అయిదు అవుతాయి. మర్నాడు ఉపవాసం గట్రా పెట్టుకోవద్దు, అది సాయంత్రానికి రెట్టింపు తినిపిస్తుంది.

కృష్ణలంక_టైలరమ్మ

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్ అండీ. కొన్ని వారాలు చేశాక రాద్దామని ఆగాను.

టీలో పంచదార ఒక స్పూనుకి దించాను, మొదట్లో కషాయంలా అనిపించింది, ఇప్పుడు పెళ్లిళ్లలో ఇచ్చే టీ తాగలేకపోతున్నాను. మిక్చర్ డబ్బా వంటింట్లో పై అరలోకి వెళ్లింది. అప్పుడు ఒక వింత తెలిసింది, నా చేయి దారం తెగినప్పుడల్లా, బాబిన్ మార్చినప్పుడల్లా దానంతట అదే డబ్బా ఉండే చోటికి వెళ్తోంది! ఆకలే లేదు. పని ఆగింది కాబట్టి చేయి వెళ్తోంది. పాలకూర గారు చెప్పింది నాకు అప్పుడు అర్థమైంది. ఇప్పుడు బాబిన్ మార్చాల్సి వస్తే లేచి నీళ్లు తాగి వస్తున్నాను, పీఈటీ సార్ చెప్పిన లేవడం కూడా అయిపోతోంది.

అన్నం మాస్టారు గారి లెక్కే. అత్తయ్యకి కోడలు గారి లెక్క. రాత్రి భోజనం తర్వాత ఆవిడనే తీసుకుని వీధి చివరి దాకా నడుస్తున్నాను, ఆవిడకి నా మీద కంటే వీధిలో వాళ్ల మీద చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి, టైమ్ తెలియడం లేదు.

కానీ ఒక బాధ. మొదట్లో కేజీ పైన తగ్గింది, తర్వాత బరువు మిషన్ ముల్లు కదలడం లేదు, ఒక్కోరోజు అరకేజీ పెరిగినట్టు కూడా చూపిస్తోంది. రోజూ పొద్దున్నే చూసుకుంటున్నాను, ముల్లు పైకి వెళ్తే ఆ రోజంతా మూడ్ పాడు, టెన్షన్‌లో మళ్లీ బిస్కెట్ల మీదికి మనసు పోతోంది. ఎక్కడ తేడా కొడుతోంది?

తార్నాక_పాలకూర

ఎక్కడా కొట్టడం లేదు. ఉప్పు ఎక్కువ తిన్నా, నెలసరి ముందైనా, కొత్తగా కసరత్తు మొదలుపెట్టి కండరాలు నొప్పిగా ఉన్నా ఒంట్లో నీరు ఆగి కేజీ, రెండు కేజీలు అటూ ఇటూ అవుతాయి. రోజూ చూడటం మిమ్మల్ని బిస్కెట్ల వైపు తోస్తుంటే మానేయండి, వారానికి ఒకసారి, అదే రోజు, లేవగానే చూడండి. నెలసరి నుంచి నెలసరికి పోల్చుకుంటే ఇంకా మేలు.

అసలు మీ చేతిలో టేపు ఉండగా బరువు మిషన్‌ని ఎందుకు నమ్ముకుంటున్నారు? ఊళ్లోవాళ్లందరి కొలతలూ తీస్తారు, మీది తీసుకోండి. బొడ్డు పైన, పక్కటెముకల చివరికీ తుంటి ఎముకకీ మధ్యలో, గాలి వదిలాక, టేపు బిగించకుండా. మన ఆడవాళ్లకి నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటకూడదని చెబుతారు. షుగర్, గుండె జబ్బుల ప్రమాదం ఆ కొలతతో బాగా ముడిపడి ఉంటుంది.

షుగర్ విషయంలో ఇంకో మాట చెబితే మీకు ధైర్యంగా ఉంటుంది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మీలాగే షుగర్ రాబోయే దశలో ఉన్నవాళ్లని మూడేళ్ల దాకా గమనించింది, 2006లో ఫలితాలు ప్రచురించారు. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ వచ్చే ప్రమాదం 28.5 శాతం తగ్గింది, అదీ బరువు పెద్దగా తగ్గకుండానే. కాబట్టి ముల్లు కదలని వారాల్లో కూడా మీ నడక ఊరికే పోవడం లేదు. మూడు నెలలకి షుగర్ పరీక్ష మళ్లీ చేయించండి. థైరాయిడ్ చూపించినట్టు మీరు రాయలేదు, అదీ అప్పుడే చేయించేయండి. ముహూర్తాల సీజన్లో నిద్ర మాత్రం చూసుకోండి, నిద్ర చాలని మర్నాడు ఆకలి ఎక్కువ వేస్తుంది, అదీ తీపి, నూనె వస్తువుల మీదికే మనసు పోతుంది. ఆర్డర్లు రెండు తక్కువ ఒప్పుకోమని చెప్పడం నాకు తేలికే, మీకెంత కష్టమో తెలుసు.

కృష్ణలంక_టైలరమ్మ

ఇప్పుడే తీశాను, 93 ఉంది. పాత డైరీలో నా పండగ బ్లౌజు కొలతల పక్కన నడుము 96 అని రాసి ఉంది, అంటే మూడు తగ్గింది! బరువు మిషన్ మా ఆయన్ని అటక మీద పెట్టమన్నాను, ఆదివారం ఆదివారం దింపుతారట. థైరాయిడ్ ఈ నెలలోనే చేయిస్తాను.

మా అత్తయ్య పక్కనే కూర్చుని ఇదంతా నా చేత చదివించుకుంటోంది. ఆవిడ ఒక ప్రశ్న అడగమంటోంది, ఈ డైటీషియన్ అమ్మాయి ఆవకాయ తినొచ్చంటుందా, వద్దంటుందా?

తార్నాక_పాలకూర

ఒక ముక్క తినొచ్చని చెప్పండి, పైన తేలే ఊట నూనె వేసుకోకుండా. బీపీ ఉంటే అదీ రోజూ వద్దు. ఆవిడకి బీపీ ఉందా?

కృష్ణలంక_టైలరమ్మ

ఉంది. లేదని రాయమంటోంది.